దోసె తుంచినందుకే అంత ఏడుపా?

బడి నుంచి వచ్చిన నాలుగేళ్ల పిల్లకు అమ్మ దోసె వేసింది. వేడిగా ఉందని తుంచి ముక్కలు చేసి పెట్టింది. అంతే, ఆ పిల్ల కంచం తోసేసి నేల మీద పడి దొర్లడం మొదలుపెట్టింది. "నాకు మొత్తం దోసె కావాలి, అతికించు!" ఇంకొకటి వేస్తానన్నా ఒప్పుకోదు. గారాబం ఎక్కువైందని నానమ్మ, రెండు తగిలిస్తే దారికొస్తుందని నాన్న. ఆ పిల్లలో ఏం జరుగుతోందో తెలిస్తే ఈ రెండు మాటలూ అనబుద్ధి కాదు.

పిల్లల కోపాన్ని ఓపిగ్గా లెక్కగట్టి చూసిన తొలితరం శాస్త్రవేత్తల్లో ఫ్లోరెన్స్ గుడినఫ్ ఒకరు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆమె, 45 మంది పిల్లలకు కోపం వచ్చిన ప్రతిసారీ అది ఏ వేళప్పుడు, ఎందుకు వచ్చిందో ఇంట్లోవాళ్లచేత రాయించారు. 1931లో ఆ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. రెండో ఏట ఈ పేచీలు బాగా పెరిగి తర్వాత తగ్గుతాయి. భోజనానికి ముందు, ఒంట్లో బాగాలేనప్పుడు ఎక్కువవుతాయి. అంటే మన దోసె పిల్ల విషయంలో ముందు అనుమానించాల్సింది ఆకలినీ అలసటనీ. దోసె ఒక సాకు.

ఆ ఏడుపును ఇంకా దగ్గరగా విన్నవాళ్లు మైకేల్ పొటెగల్, జేమ్స్ గ్రీన్ అనే శాస్త్రవేత్తలు. పిల్లలు వేసుకునే బట్టల్లోనే చిన్న మైకు అమర్చి, పేచీ పెట్టినప్పటి ధ్వనులను రికార్డు చేసి 2011లో ఫలితాలు ప్రచురించారు. కేకలు, అరుపులు కోపానివి. ఏడుపు, నస దుఃఖానివి. ముందు కోపం, అది పోయాక దుఃఖం అని అంతకుముందు అనుకునేవారు. రికార్డింగుల్లో తేలింది వేరు. దుఃఖం మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది, కోపం దాని మీద ఎగసి త్వరగా చల్లారుతుంది. అందుకే అరుపుల మీదున్న పిల్లను "ఏం కావాలి? ఎందుకిలా చేస్తున్నావ్?" అని ప్రశ్నించడం వృథా. దెబ్బ తగలకుండా చూసుకుంటూ పక్కన కూర్చుంటే చాలు. అరుపు ఆగి వెక్కిళ్లు మిగిలాక ఆ పిల్లే ఒళ్లోకి వస్తుంది. మాట చెవికెక్కేది అప్పుడే.

ఆవేశాన్ని అదుపు చేయడంలో మెదడు ముందుభాగం, అంటే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ముఖ్యమైనది. అది పూర్తిగా పరిణతి చెందేది ఇరవై దాటాకే. ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని ఉలిక్కిపడేలా చేసే అమిగ్డలా మాత్రం పసితనం నుంచే చురుగ్గా ఉంటుంది. అందుకే నాలుగేళ్ల బిడ్డకు నిగ్రహం పెద్దవాళ్ల నుంచే అరువు రావాలి.

ఆ అరువు ఇచ్చే తేలికైన దారి, బిడ్డ అనుభవిస్తున్నదానికి పేరు చెప్పడం. 2007లో మాథ్యూ లీబర్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం కొందరికి కోపంతో, భయంతో ఉన్న ముఖాలు చూపిస్తూ మెదడును స్కాన్ చేసింది. ఆ ముఖంలోని భావానికి తగిన మాటను ఎంచుకున్నప్పుడు అమిగ్డలా స్పందన తగ్గింది, ముందుభాగంలో ఒకచోట చురుకుదనం పెరిగింది. ఇది పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగం, పిల్లలకు యథాతథంగా అన్వయించలేం. అయినా "దోసె తుంచేసరికి ఉక్రోషం వచ్చింది కదూ" అన్న మాటకు బిడ్డ తలూపడం ఎంతోమంది అమ్మలకు అనుభవమే. కోపం ఒక్కటే కాదు. నాన్న ఊరెళ్తే బెంగ, కొత్తవాళ్ల ముందు బెరుకు, అక్కవాళ్లు ఆటలో చేర్చుకోకపోతే చిన్నబోవడం. వచ్చిన ప్రతిసారీ ఆ భావం పేరు బిడ్డకు వినిపిస్తే, కొన్నాళ్లకు బిడ్డే చెబుతుంది. "మగపిల్లాడివి, ఏడుస్తావేంటి?", "బూచాడొస్తాడు" అన్న మాటలు బాధకు సిగ్గునో భయాన్నో తోడు చేస్తాయి. అవి మానేయాలని గట్టిగా చెబుతాను. కోపం రావచ్చు, తమ్ముణ్ణి కొట్టకూడదు. ఈ తేడాను మాత్రం ఏ రోజూ సడలించకూడదు.

భావానికి పేరు చెప్పడమే కాదు, ఊపిరి కూడా సాయపడుతుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. సబ్బునీళ్ల బుడగలు పెద్దవిగా రావాలంటే నెమ్మదిగా, చాలాసేపు ఊదాలి కాబట్టి ఆ ఆటే మంచి సాధన. నేర్పాల్సింది పిల్లలు హాయిగా ఉన్నప్పుడు. పెద్దవాళ్లు కూడా "నాకిప్పుడు చిరాగ్గా ఉంది, రెండు నిమిషాలు కూర్చుని వస్తాను" అని పైకి అనాలి, పిల్లలు అది విని నేర్చుకుంటారు. బిడ్డ తనను తాను గాయపరచుకుంటున్నా, ఇంకాస్త పెద్దయ్యాక కూడా పేచీలు రోజూ విడవకపోయినా పిల్లల డాక్టరుకు చూపించాలి.