పొయ్యి పొగలో నానోగ్రాములు

డిసెంబరులో తెల్లవారేసరికి అరకు చేరుకునే పర్యాటకులు లోయ మీద పరుచుకున్న తెల్లటి పొరను చూడగానే ఫోన్లు తీస్తారు. అందులో ఎక్కువ పాలు మంచే. కానీ ఊళ్లున్న చోట, కాస్త నీలంగా, పైకి లేవకుండా అడ్డంగా పాకే సన్నటి చార ఒకటి కనిపిస్తుంది. అది పొయ్యిల పొగ. చలి రాత్రి నేలనంటిన గాలి చల్లబడి, బరువెక్కి లోయ అడుగున కూర్చుంటుంది. దాని పైన వెచ్చటి గాలి మూతలా నిలుస్తుంది. ఎండెక్కేదాకా పొగకు దారి దొరకదు.

ఇంట్లో అయితే ఆ మూత పని పైకప్పే చేస్తుంది. కొండ గ్రామాల్లో కట్టెల పొయ్యి అన్నం వండడానికే కాదు, చలి కాగడానికి కూడా కావాలి. పైన వేలాడదీసిన మొక్కజొన్న కంకులకు పురుగు పట్టకుండా కాచేదీ ఆ పొగే. ఏళ్ల తరబడి పొగచూరిన వాసాలు నల్లగా నిగనిగలాడతాయి. ఆ మసిని వేలితో గీస్తే జిడ్డుగా అంటుకుంటుంది. ఉత్త బొగ్గుకు అంత జిడ్డు ఉండదు. గాలి చాలక సగమే కాలిన కట్టె వదిలిన సేంద్రియ పదార్థాలు అందులో ఉన్నాయి. వాటిలో ఒక కుటుంబం పేరు పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు. పలకడం కష్టం కాబట్టి శాస్త్రవేత్తలే పీఏహెచ్‌లు అని కుదించుకున్నారు.

మసికీ క్యాన్సర్‌కూ ఉన్న చుట్టరికాన్ని 1775లోనే పెర్సివాల్ పాట్ అనే లండన్ వైద్యుడు పట్టుకున్నాడు. చిమ్నీలు తుడిచేవాళ్లకు వృషణాల తిత్తి మీద వచ్చే పుండ్లకు మసే కారణమన్నాడు. 1915లో జపాన్‌లో యామగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు బొగ్గు తారు పదేపదే పూసి క్యాన్సర్ పుట్టించి చూపారు. తారులోని దోషిని విడదీయడానికి 1933 దాకా పట్టింది. అదే బెంజో-ఎ-పైరీన్. అయిదు వలయాలు అతుక్కున్న అణువు, ఇరవై కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో దీన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది.

మన దేశంలో 2009 నవంబరులో వచ్చిన గాలి నాణ్యత ప్రమాణాల ప్రకారం దీని ఏడాది సగటు ఘనపు మీటరు గాలిలో 1 నానోగ్రాము దాటకూడదు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఇంత తక్కువను ఎవరు తూచగలరు?

ఒక్కసారిగా ఎవరూ తూచలేరు, ముందు పోగు చెయ్యాలి. పెద్ద పంపొకటి నిమిషానికి ఘనపు మీటరుకు పైగా గాలిని ఇరవై నాలుగు గంటలపాటు ఒక క్వార్ట్జ్ నార వడపోత కాగితం గుండా లాగుతుంది. ఆ కాగితాన్ని ముందే కొలిమిలో కాలుస్తారు, దానికంటిన పాత జిడ్డు పోవాలి కదా. పదిహేను వందల ఘనపు మీటర్ల గాలి దాటాక తెల్ల కాగితం బూడిద రంగుకో నలుపుకో తిరుగుతుంది. గాలి సరిగ్గా ప్రమాణం అంచున ఉంటే దాని మీద చేరే బెంజో-ఎ-పైరీన్ ఒకటిన్నర మైక్రోగ్రాములు. పంచదార పలుకులో వందో వంతు కూడా కాదు. రెండు, మూడు వలయాల చిన్న అణువులు కాగితం మీద నిలవక ఆవిరిగా జారిపోతాయి. వాటి కోసం వెనక నురగ స్పాంజి పెడతారు.

ఆపై పని వంటింటి పనికి దగ్గరగా ఉంటుంది. వెలుతురుకు చెడిపోకుండా కాగితాన్ని అల్యూమినియం రేకులో చుట్టి ఫ్రీజర్‌లో ఉంచుతారు. టోలీన్ లాంటి ద్రావణిలో నానబెట్టి సారం దింపుతారు, మరిగించి చిక్కబరుస్తారు, సిలికా జెల్ గుండా పోసి మడ్డి తీస్తారు. దింపేటప్పుడు కొంత నష్టం తప్పదు. అందుకే మొదట్లోనే భార హైడ్రోజన్‌తో గుర్తు పెట్టిన అణువులను లెక్కగా కలుపుతారు. చివర్లో అవి ఎంత తగ్గాయో చూస్తే అసలు సరుకు ఎంత పోయిందో తెలుస్తుంది. పాలలో కలిపిన నీళ్లను పట్టుకునే తెలివికి ఇది తిరగేసిన రూపం.

ఆ సారపు చుక్క ముప్పై మీటర్ల సన్నటి గొట్టంలో ప్రయాణించి అణువుల తూకం యంత్రాన్ని చేరుతుంది. ఇక్కడో చిక్కుంది. బెంజో-ఎ-పైరీన్ అణుభారం 252, అంతగా ప్రమాదం లేని కవల బెంజో-ఇ-పైరీన్‌దీ 252. తూకంతో తేడా తెలియదు, ఎవరు ఏ నిమిషంలో బయటికి వచ్చారో చూసి పోల్చుకోవాలి. యంత్రం నిజం చెబుతోందా అని చూసుకోవడానికి ప్రయోగశాలలు వాడే ప్రామాణిక నమూనాల్లో ఒకటి 1970ల్లో వాషింగ్టన్ నగరంలో పోగుచేసిన దుమ్ము. ఆ దుమ్ము ఇప్పటికీ సీసాల్లో అమ్ముడవుతోంది!

పొగ ఎక్కడిదో కూడా చెప్పవచ్చు. కట్టెలోని సెల్యులోజ్ కాలితే లెవోగ్లూకోసాన్ అనే చక్కెర లాంటి పదార్థం పుడుతుంది, డీజిల్ పొగలో అది ఉండదు. ఎండాకాలంలో పోడు కోసం కొండవాలు తగలబెట్టినా, చలికాలంలో పొయ్యి రాజేసినా వడపోత కాగితం మీద ఆ ముద్ర పడుతుంది. ఘాట్ రోడ్డెక్కే బస్సుల పొగను దాంతో వేరు చేయవచ్చు.

పర్యాటకులకో మాట. అరకు దారిలో దొరికే బొంగు చికెన్‌లో మాంసం వెదురు గొట్టంలో మూతపడి ఉంటుంది, కొవ్వు నిప్పుల మీద కారదు. పక్కనే కాల్చే చీకుల మీంచి కొవ్వు చుక్కలు బొగ్గుల మీద పడి, పొగై తిరిగి మాంసానికే పడతాయి. పీఏహెచ్‌లు తక్కువ చేరేది బొంగులోనే.

అసలు మోతాదు మాత్రం పొయ్యి దగ్గరే ఉంది. 1980ల మొదట్లో కర్క్ స్మిత్ అనే పరిశోధకుడి బృందం గుజరాత్ పల్లెల్లో వంట చేసే ఆడవాళ్లకే చిన్న పంపులు తగిలించి కొలిచింది. వంట వేళ బెంజో-ఎ-పైరీన్ ఘనపు మీటరుకు దాదాపు 4000 నానోగ్రాములు తేలింది. వంట గంటల లెక్కను ఏడాది సగటు పక్కన పెట్టడం సరి కాదు, నిజమే. అయినా అంతరం వేల రెట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల 412 ఇళ్లలో సూక్ష్మ ధూళిని కొలిచి 2004లో ప్రచురించిన అధ్యయనంలో గ్యాస్ వాడే ఇళ్లలో రోజు సగటు 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో 732 దాకా వెళ్లింది.

ఉత్తరాంధ్రలో పొగ ఇంకా దగ్గరికి వచ్చింది, నోట్లోకే. చుట్ట నిప్పున్న కొసను లోపల పెట్టుకుని పీల్చే అడ్డపొగ ఇక్కడి ఆడవాళ్లలో పాత అలవాటు. పిండ్‌బోర్గ్, మెహతా తదితర పరిశోధకులు 10,169 మంది గ్రామీణుల అంగిళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మీద మచ్చలు, పుండ్లు, క్యాన్సర్ కనిపించాయి. ఇక్కడ వడపోత కాగితం అంగిలే.

2009 ప్రమాణం చెప్పే 1 నానోగ్రాము బయటి గాలికి. వంటింటి గాలికి అలాంటి గీత గీయలేదు. 2016లో మొదలైన ఉజ్వల వంటగ్యాస్ పథకంతో సిలిండర్ కొండ మీదికీ చేరింది గాని, అది వచ్చిన ఇంట్లోనూ చలి కాగడానికి నెగడు కావాలి, కంకులకు పొగ కావాలి. అరకు గాలిని కొలవాలనుకునేవాళ్లు యంత్రం నిలబెట్టడానికి ఆఫీసు డాబా వెతకనక్కర్లేదు. పొయ్యి ముందు గొట్టంతో ఊదుతున్న మనిషి భుజానికి పంపు తగిలించి, గంట సేపు ఆగితే చాలు.