పరిచర్యయు దినచర్యయు



సేవ యను మాట నేడు మన నోళ్లలో మిక్కిలి వాడుకపడి, చేతులు మాఱి మాఱి యరిగిన కాసువలె నైనది. ప్రజాసేవ యందురు, దేశసేవ యందురు. మెడలో దండలు వేయించుకొనుటయు సేవయే యనిపించుకొనుచున్నది. క్రైస్తవుల తెలుగు వేదగ్రంథమునందు దీనికి పరిచర్య యను మఱియొక మాట గలదు. గ్రీకుభాషలోని మూలపదము డియాకోనియా. ఆ పదమునకు మొదటనున్న యర్థము మిక్కిలి సామాన్యమైనది: భోజనమునకు గూర్చున్నవారికి నిలువబడి వడ్డించుట. పెండ్లిపంక్తిలో వడ్డించువానిని మీరందఱును చూచియేయుందురు. వాని కన్ను తన విస్తరిమీద నుండదు. ఎవరి విస్తరిలో పప్పు తఱిగినదో, పంక్తిచివర గూర్చున్న ముసలివానికి నెయ్యి చేరినదో లేదో, ఏ పిల్లవాడు మంచినీళ్లకై చూచుచున్నాడో, ఇవియే వాని తలంపులు. అందఱును లేచిన పిమ్మట మిగిలినది తాను తినును. తమలో గొప్పవాడెవడని శిష్యులు వాదులాడుకొనినపుడు క్రీస్తు తన్ను పంక్తిలో గూర్చున్నవానితో గాక ఈ వడ్డించువానితో బోల్చుకొనెను. ఆ రాత్రియే ఆయన నడుమునకు తువాలు కట్టుకొని, పళ్లెములో నీళ్లు పోసి, శిష్యుల పాదములు కడిగెనని యోహాను సువార్త చెప్పుచున్నది. కాళ్లు కడుగుట ఆ దేశమున దాసుల పని.

ఈ కథను మన దేవాలయములలో ఏటేట చదువుచునే యున్నారు. చదివి యింటికి బోయిన పిమ్మట ఏమి చేయవలెనన్నదే ప్రశ్న. ఆదివారపు ఆరాధన రెండు గంటలలో ముగియును. వారమున తక్కిన గంటలు 166 గలవు. విశ్వాసము ఆ గంటలలో ఏ పనియై కనబడవలెనో, దానిని గుఱించియే నేడు కొంత చెప్పదలచితిని.

మొదటి సంఘమునందే ఈ విషయమై యొక తగవు పుట్టెను. యెరూషలేములో విశ్వాసులు తమకు గలిగినదానిని కూర్చి, దిక్కులేని విధవరాండ్రకు ప్రతిదినము భోజనము పంచిపెట్టుచుండిరి. వారిలో ఆ దేశపు భాష మాటలాడువా రొక పక్షము, గ్రీకుభాష మాటలాడుచు వెలుపలి దేశములనుండి వచ్చినవా రొక పక్షము. రెండవ పక్షపు విధవలకు పంపకములో లోపము జరుగుచున్నదని సణుగు బయలుదేఱెను. మన పంచాయతీలలో నిట్టి సణుగు వినబడినయెడల ఏమి చేయుదుము? సణిగినవారిని కోపపడుదుము, లేదా రెండు పక్షములనుండి సమానముగా మనుష్యుల నేర్పఱచి, వారి తగవును వారికే విడుతుము. అపొస్తలు లట్లు చేయలేదు. మంచిపేరు గలవారిని ఏడుగురిని ఎన్నుకొనుడని సంఘమునకే విడిచిరి. ఎన్నుకొనబడినవారి పేళ్లు అపొస్తలుల కార్యములు ఆఱవ అధ్యాయమున నున్నవి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకుపేళ్లే. అనగా ఎవరికి అన్యాయము జరిగినదని మొఱపెట్టిరో, ధాన్యపుగది తాళపుచెవిని ఆ పక్షమువారి చేతికే యిచ్చిరని పెద్దలు కొంద ఱభిప్రాయపడుదురు. నాకును అదియే సరిగా తోచుచున్నది. ఊరిలో పంపకము చేయవలసిన పెద్దలు ఈ యొక్క యధ్యాయమును ముమ్మాఱు చదివిన చాలును.

ఇక మన తెలుగుదేశపు సంగతికి వచ్చెదను. 1876వ సంవత్సరమున వానలు తప్పినవి. అది ధాత సంవత్సరము; మఱునాటి సంవత్సరము ఈశ్వర. చెన్నపురి రాజధాని, మైసూరు, బొంబాయి, హైదరాబాదు సీమలు కఱవుపాలై 1878 వఱకును తేఱుకొనలేదు. అర్ధకోటి జనులకు మించి చనిపోయిరని సాధారణముగా వేయు లెక్క. ప్రభుత్వమువారు కఱవుపనులు పెట్టించిరి గాని, ఖర్చు తగ్గించుటకై కూలిని మనిషికి దినమునకు ఇంచుమించు ఒక పౌను ధాన్యము వెలకు కుదించిరి. మట్టిమోయువానికి ఈ తిండి చాలదని చెన్నపురి ఆరోగ్యశాఖాధికారి కార్నిషు వైద్యుడు గట్టిగా వాదించెను.

ఆ పనులలో ముఖ్యమైనది, సముద్రతీరము వెంబడి పెదగంజామునుండి చెన్నపురికి బోవు ఉప్పునీటి కాలువ. అప్పటి గవర్నరు పేర బకింగుహాము కాలువ యని పిలువబడుచున్నది. ఒంగోలునందు అప్పుడు జాన్ క్లౌ అను అమెరికా దేశపు బాప్టిస్టు మిషనరీ యుండెను. 1865లో ఈ దేశమునకు వచ్చి, మఱుసటి సంవత్సరము ఒంగోలు చేరినవాడు. యౌవనమున భూమి కొలుచు పని చేసినవా డగుటచే త్రవ్వుట, కొలుచుట, కట్టుట ఎఱుగును. కఱవుపనుల దగ్గఱ మాదిగ, మాల కులములవారిని మేస్త్రీలు తిట్టి కొట్టి, కూలిలోను కష్టపెట్టుచుండిరని ఆయనకు మొఱలు వచ్చినవి. ఆయన జాలిపడి యూరకుండలేదు. కాలువలో మూడున్నర మైళ్ల పనిని తానే గుత్తకు దీసికొనెను. తన ప్రచారకులను మేస్త్రీలుగా నిలిపెను. నిన్నటివఱకు పాలెమున గూర్చుండి పాటలు నేర్పిన ప్రచారకుడు నేడు గడ్డపాఱలు లెక్కపెట్టి, మన్ను కొలిచి, కూలి పంచవలసి వచ్చెను. అలసిన కూలీలు నీడపట్టున గూర్చున్నప్పుడు అడిగినవారికి తన విశ్వాసమును చెప్పుచుండెను. నా మట్టుకు ఆ మాటలకంటె ఆ కొలత ముఖ్యమైనదిగా తోచును. తట్టకు తట్ట సరిగా కొలిచి, పూర్తి కూలి చేతిలో పెట్టి, తిట్టక పంపిన మేస్త్రీని చూచుట వారిలో ననేకులకు అదియే మొదటిసారి యైయుండును.

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న గలదు. దానిని దాచుట న్యాయము గాదు. కూడుపెట్టి మతములో కలుపుకొనిరని నేటికిని అనువారు గలరు. క్లౌదొరయు ఈ మాట వచ్చునని యెఱుగును. కఱవుసహాయము జరుగుచున్నంతకాలము, నెలల తరబడి, ఎందఱు వచ్చి యడిగినను బాప్తిస్మ మిచ్చుటను నిలిపివేసెను. 1878లో సహాయము ముగిసినదనియు, ఇకమీద ఇచ్చుటకు డబ్బు లేదనియు తెలియజేసిన తరువాతనే వారి మాట వినెను. జూలై 3వ తేదీని, ఒంగోలుకు పది మైళ్ల దూరమున వెల్లంపల్లి కడ గుండ్లకమ్మయేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దొర నీటిలో దిగలేదు. తెలుగు ప్రచారకులే ఇద్దఱిద్దఱుగా మాఱి మాఱి యిచ్చిరి.

దీనితో ఆ ప్రశ్నకు పూర్తిగా సమాధానము వచ్చినదని నే ననను. ఆకలిదినములలో అన్నము పెట్టిన చేయిని మనిషి మఱచునా? మఱవడు, మఱవవలసిన పనియు లేదు. అయినను, గిన్నె చూపి రమ్మనుట వేఱు, గిన్నె బోర్లించిన తరువాత వచ్చినవారిని చేర్చుకొనుట వేఱు. మఱియు వచ్చినవారికి లాభమే గలిగెనని తలపరాదు. కఱవునకు పది సంవత్సరములు ముందే, 1866లో, తాళ్లకొండపాడు గ్రామపు మాదిగ యగు యెఱ్ఱగుంట్ల పేరయ్య క్రైస్తవుడయ్యెను. ఆ దినములలో క్రొత్త విశ్వాసులకు చెప్పిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చూచుటకు స్వల్పములే. గాని జాతరలో డప్పు కొట్టుట, పిలిచినపుడు పనికి బోవుట ఆ కులమునకు ఊరు విధించిన కట్టుబాటు. డప్పు కొట్టమన్నందుకు దెబ్బలు తిన్నవారును, పనులు పోయినవారును గలరు. వారి మతమార్పు మొదట కనబడినది ప్రార్థనలో గాదు, కూటికుండలోను కూలిపనిలోను.

గుంటూరునందు అన్నా కుగ్లరు అను వైద్యురాలి చరిత్రయు మీలో పెక్కుమంది విన్నదే. 1883లో వచ్చినపుడు ఆమెను పంపిన మిషనువారు ఘోషాస్త్రీలకు చదువు చెప్పుటకే నియమించిరి గాని వైద్యమునకు గాదు. అడిగినవారికి మందిచ్చుచు, కానుపులు చూచుచు ఓపికతో పని పెంచి, 1898లో స్త్రీల వైద్యశాల తెఱపించెను. 1930లో మరణించువఱకు ఆ పనిలోనే యుండెను. ఇందు నాకు నచ్చిన సంగతి మఱియొకటి గలదు. తన యింటివారికి జరిగిన వైద్యమునకు కృతజ్ఞుడై ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావుగారు, రోగుల వెంట వచ్చు బంధువులు వండుకొని తిని పండుకొనుటకు ఆ వైద్యశాలకడ సత్రము కట్టించిరి. ఆయన హిందువు. రోగికి మందు చాలునని వైద్యు డనుకొనును. వెంటవచ్చిన ముసలితల్లి ఎక్కడ వండుకొనును అను తలంపు గృహస్థునకే తోచినది.

ఇవన్నియు పెద్దల పనులు, మావంటి బీదవారు చేయగలవి గావు, అని మీరనవచ్చును. అందుచేతనే పిడికెడు బియ్యపు మాట చెప్పదలచితిని. ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేఱు కుండలో వేయును. ఆదివారము ఆ కుండ దేవాలయమునకు దెచ్చును. మిజో కొండలలోని సంఘములు 1910లో ఈ వాడుక నారంభించినవి. నేడు ఆ బియ్యమువలన ఏటేట వచ్చుసొమ్ము కోట్ల రూపాయలు. మన తెలుగు సంఘములు పెక్కింటను ఈ యాచారము గలదు. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషేకము పొంది, భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పైన అజరయ్యగారు ఇచ్చుటను గుఱించి యొక పుస్తకమే వ్రాసిరి. పరదేశపు సొమ్ముపై నానియున్న సంఘము ఎన్నటికిని నిలువదని ఆయన తలంపు.

నాణెముకంటె బియ్యము మేలగుటకు కారణమున్నది. రొక్కము లేని యింటను బియ్యముండును. పెట్టె తాళము మగవాని మొలత్రాటికి వ్రేలాడును, బియ్యపుకుండమీద అధికారము మాత్ర మాడుదానిది. పైగా నాణెము వారమున కొకసారి, పిడికిలి దినమునకు రెండుసార్లు. పొయ్యి రాజేసినపుడెల్ల పొరుగింటి పొయ్యి తలపునకు వచ్చును.

వచ్చునని యంటిని గాని, రాకపోవుటయు గలదు. నేను పడుచువాడనై మా యూరి సంఘములో లెక్కలు వ్రాయుచున్న కాలమున, ఒక సంవత్సరము పిడికెడు బియ్యము బాగుగా చేరినది. క్రిస్మసు వచ్చుచున్నది; గోడలు నల్లబడినవి; బియ్యమమ్మి సున్నము వేయింతమని నేనే చెప్పితిని. అందఱును సరే యనిరి. పండుగ గడచిన పిమ్మట తెలిసినది: దేవాలయమునకు నాలుగిండ్ల అవతల నున్న యొక విధవరాలు ఆ నెలలో పెక్కు రాత్రులు దీపము పెట్టక ముందే తలుపు వేసికొని పండుకొనుచుండెనట. పొయ్యి వెలుగలేదని పొరుగువా రెఱుగకుండుటకు. ఆ నెలలోను ఆమె కుండనుండి పిడికెడు బియ్యము దేవాలయమునకు వచ్చినదని నా లెక్కపుస్తకములోనే వ్రాసియున్నది, నా చేతివ్రాతతోనే.

తరువాత మేము చేసినది చాల చిన్నపని. పంపకమునకు పెద్దలతోపాటు ఇద్దఱు విధవరాండ్రను కూర్చుండబెట్టితిమి, వారిలో ఆమె యొకతె. ఏ యింట పొయ్యి వెలుగలేదో మాకంటె వారికి ముందు తెలియును. సున్నము రెండేండ్లు వేయలేదు. ఆ గోడలను చూచి వచ్చిన అతిథులు కొందఱు నవ్విరి కూడ.

డబ్బుతోను ధాన్యముతోను పనిలేని పరిచర్యలు మీ యూళ్లలో మీకు నాకంటె బాగుగా తెలియును. జ్వరముతో పడియున్నవాని పొలమున అదను తప్పకుండ ఒక పూట నాగలి కట్టుట. ఏ కులమువాని శవమైనను మోయువారు చాలనపుడు భుజము పట్టుట. చదువురాని వానికి కాగితము చదివి, వ్రాసినది వ్రాసినట్లు చెప్పుట. నేడు ప్రభుత్వ వైద్యశాలలున్నవి, మందులున్నవి. అయినను రోగిని బస్సెక్కించి తోడ్కొనిపోయి, వరుసలో నిలుచుండి, రాత్రి ప్రక్కన గూర్చుండువాడు ఒకడు కావలెను. ఆ రాత్రి వాని యింట ఎద్దులకు మేత వేయువాడు మఱియొకడు కావలెను. ఈ రెండవవానిని ఎవరును తలపరు.

మంచి సమరయుని కథలోను అట్టివా డొకడు గలడు. దొంగలచే కొట్టబడి దారిప్రక్క పడియున్న వానికి సమరయుడు గాయములు కట్టి, తన వాహనముమీద నెక్కించి, సత్రమునకు దెచ్చి, ఆ రాత్రి తానే చూచుకొనెను. మఱునాడు సత్రపువానికి రెండు దేనారములు, అనగా కూలివాని రెండు దినముల జీతము, ఇచ్చి, ఇంకను ఖర్చయినచో తిరిగివచ్చునపుడు చెల్లింతునని చెప్పి పోయెను. అతనికి తన పనులును గలవు గదా. ఆ పిమ్మట గాయములు కడిగినది, గంజి పోసినది, రాత్రి మూలిగినపుడు లేచి చూచినది ఆ సత్రపువాడు. అతని పేరు లేదు. అతనికి చెల్లవలసిన మిగత సొమ్ము అందినదో లేదో కథలో చెప్పలేదు.