పాత తెలుగు ముద్రణల స్కానింగ్: అక్షర రక్షణకు పాటించవలసిన పద్ధతులు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నుండి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. పాత పత్రికలపై పనిచేసే పరిశోధకులకు మూలప్రతిని పదే పదే చూసే వీలుండదు. అనుమతితో స్కాన్ చేసుకున్న ప్రతిబింబమే వారికి ఆధారం.

తెలుగు లిపిలో ద-ధ, డ-ఢ, ప-ఫల భేదం ఒక చిన్న గీతలోనే ఉంది. కేవలం నలుపు, తెలుపులుగా స్కాన్ చేస్తే వెలిసిన సిరా కాగితం రంగులో కలిసిపోయి ఆ గీత, అరసున్న మాయమవుతాయి, పాఠనిర్ణయమే తప్పుతుంది. కనుక 256 ఛాయలు గల గ్రేస్కేల్‌ను ఎంచుకోవాలి. సాధారణ అచ్చుకు 300 డీపీఐ, చిన్న అక్షరాలకు 400 నుండి 600 డీపీఐ అవసరం. 300 డీపీఐ వద్ద ఏ4 పుట 2480 × 3508 బిందువులతో సుమారు 8.7 మెగాబైట్లు అవుతుంది. 600 వద్ద దానికి నాలుగింతలు.

వెనుక పుటలోని అచ్చు తొంగిచూస్తే పుట వెనుక నల్ల కాగితం ఉంచాలి. బిగువైన బైండింగును గాజుపై బలంగా అదమరాదు.

వంపు సరిచేయడం, అంచులు కత్తిరించడం వంటి సవరణలు నకలుపైనే జరగాలి. మరకలు తుడిచే సాధనం అక్షరభాగాలనూ తుడిచివేయగలదు.

మూల స్కాన్‌ను టిఫ్ రూపంలో భద్రపరచాలి. జేపెగ్ పంపడానికి అనుకూలమే కాని, సవరించి భద్రపరచిన ప్రతిసారీ కొంత వివరాన్ని కోల్పోతుంది. పత్రిక, సంవత్సరం, సంచిక, పుట సంఖ్యలతో ఫైలుకు పేరు పెట్టి, రెండు వేర్వేరు చోట్ల దాచాలి. అప్పుడే ఉదాహరించిన పాఠాన్ని మరొకరు సరిచూడగలరు.