జింబాబ్వే గోడలు

పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా రాజ్యాలు ఆఫ్రికాను పంచుకొన్నప్పుడు ఫిరంగులతోపాటు జాతి సిద్ధాంతాలనుకూడ వెంట తీసుకొనిపోయినవి. అవి ఏమి పని చేసినవో తెలుపుటకు మేము ఒక్క కట్టడం కథ చెప్పదలచినాము.

దక్షిణాఫ్రికా ఖండభాగంలో, నేటి జింబాబ్వే దేశంలో, సున్నం వాడక రాతి పలకలను పేర్చి కట్టిన మహాప్రాకారమొకటి ఉన్నది. చుట్టుకొలత సుమారు 250 మీటర్లు. ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు. షోనా ప్రజల పూర్వులు 11వ శతాబ్దికి, 15వ శతాబ్దికి నడుమ దీనిని, దీని చుట్టునున్న నగరాన్ని నిర్మించినారు. ఈ చిన్న మాటను ఆ గడ్డమీద నిరాటంకంగా పలుకుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

1871లో కార్ల్ మౌఖ్ అనే జర్మను యాత్రికుడు ఈ శిథిలాలను చూచినాడు. ద్వారబంధపు కొయ్యను కొంచెం చెక్కి చూడగా అది తన పెన్సిలు కొయ్యవలె ఉన్నది. పెన్సిలు దేవదారు, దేవదారు లెబనానునుండి రావలె, కాబట్టి తెచ్చినవారు ఫినీషియనులు, కట్టించినది బైబిలులోని షేబా రాణి! తర్కం కొంచెమైనా చదివినవారు ఇచ్చట నవ్వక మానరు.

అయితే అది నవ్వుతో పోలేదు. 1890లో సెసిల్ రోడ్స్ స్థాపించిన కంపెనీ సాయుధులను పంపి ఆ దేశాన్ని ఆక్రమించినది. మరుసటి ఏడే అక్కడ త్రవ్వకాలు జరిపిన థియొడోర్ బెంట్ నిర్మాతలు పరదేశీయులేనని తేల్చినాడు. ఎందుకీ ఆత్రం? పూర్వం పరదేశీయులు ఏలిన నేల అయినచో, కొత్తగా వచ్చినవారు వారసులమని చెప్పుకొనవచ్చును. ఆఫ్రికనునకు రాతిపై రాయి నిలుపుట చేతకాదన్నచో, అతనిని ఏలుట ఉపకారమే అవుతుంది! తరువాత అక్కడ అధికారిగా నియుక్తుడైన రిచర్డ్ హాల్, ఆఫ్రికనుల ఆనవాళ్లున్న మట్టిపొరలను చెత్తగా ఎంచి త్రవ్వి పారబోయించినాడు. ఆ సాక్ష్యం మరల దొరకలేదు.

మిగిలిన సాక్ష్యమే చాలినది. 1905లో రాండల్ మకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ అను విదుషీమణి, ఇది ఆఫ్రికనుల నిర్మాణమేనని నిరూపించినారు. అక్కడ దొరికిన గాజుపూసలలో మన దేశమునుండి సముద్రం దాటి పోయినవికూడ ఉన్నవి. కాని పూసలు అమ్మినవాడు గోడ కట్టినాడని ఎవరనగలరు?

1965లో తెల్లవారి రొడీషియా ప్రభుత్వం ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న పిమ్మట పాత కల్పనకు మరల ఆదరం కలిగినది. పురాతన కట్టడాల అధికారి పీటర్ గార్లేక్ దానికి తలయొగ్గక, 1970లో ఆ దేశం విడిచిపోయినాడు.

1980లో దేశం స్వతంత్రమై ఆ గోడల పేరే పెట్టుకొన్నది. శిథిలాలలో దొరికిన బలపపురాతి పక్షి నేడు ఆ దేశపు పతాకంమీద ఉన్నది.