తొలిచూపు కాదు, నూరోచూపు

ప్రేమ మీద ప్రయోగం చేయాలంటే మనస్తత్వ శాస్త్రవేత్తలకు కొత్తవాళ్లే వీలు. ముక్కూమొహం తెలియని ఇద్దరిని గదిలో కూర్చోబెట్టి, నాలుగు నిమిషాలు మాట్లాడించి, నచ్చారా లేదా అని కాగితం చేతికిస్తే సాయంత్రానికి లెక్కలు తేలిపోతాయి. స్నేహితులు ప్రేమికులయ్యే తీరు చూడాలంటే మాత్రం ఏళ్ల తరబడి కాచుక్కూర్చోవాలి, కూర్చున్నా అవుతారన్న హామీ లేదు. ఈ సౌకర్యం శాస్త్రాన్ని ఎంత పక్కదారి పట్టించిందో కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన డానూ స్టిన్సన్, ఆమె సహచరులు 2021లో లెక్కగట్టారు. ప్రేమ ఎలా మొదలవుతుందన్న విషయంపై వచ్చిన పరిశోధనలు తిరగేస్తే, దాదాపు ముప్పాతిక వంతు కొత్తవాళ్ల మధ్య ఆకర్షణ గురించే ఉన్నాయి. స్నేహంలోంచి పుట్టిన ప్రేమకు దక్కింది 8 శాతం. మరి జనం మాటేమిటి? ఏడు సర్వేల్లో కలిపి సుమారు 1,900 మందిని అడిగితే మూడింట రెండు వంతుల మంది ‘మేం ముందు స్నేహితులం’ అన్నారు. విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో ఆ స్నేహం ప్రేమగా మారడానికి ముందు సగటున 22 నెలలు నడిచింది. పైగా వాళ్లలో అత్యధికులు మనసులో ఏదో పెట్టుకుని స్నేహం చేసినవాళ్లు కారు. వీధి చివర దీపం వెలుగుతోంది కాబట్టి ఇంకెక్కడో పోయిన ఉంగరాన్ని అక్కడే వెతికినట్టుంది, ఈ శాస్త్రం చేసిన పని.

ఇంత మందికి స్నేహమే దారి అయితే, ఆ దారిలో జరిగేదేమిటి? చూడగా చూడగా నచ్చుతారు అన్నది అందరూ చెప్పే మాట. దానికి ఆధారం లేకపోలేదు. అర్థం తెలియని పదాలైనా, ఎరగని ముఖాలైనా పదేపదే కంటబడితే చాలు, ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ 1968లోనే చూపించాడు. 1992లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం మరీ ముచ్చటైనది. రూపంలో పెద్ద తేడాలేని నలుగురు యువతుల్లో ఒకామె ఆ సెమిస్టర్‌లో క్లాసు మొహమే చూడలేదు. మిగతా ముగ్గురు వరసగా 5, 10, 15 సార్లు వచ్చి, అందరికీ కనబడేలా ముందువైపు కూర్చుని, ఎవరితోనూ పలకకుండా వెళ్లిపోయారు. చివర్లో ఆ నలుగురి బొమ్మలూ చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చినామె విద్యార్థులకు ఎక్కువగా నచ్చింది. ఆమెను చూసినట్టు గుర్తుందని చెప్పినవాళ్లు మాత్రం బహు తక్కువ. అయితే అలవాటొక్కటే ప్రేమను పుట్టించగలిగితే, రోజూ ఏడున్నర బస్సెక్కే వాళ్లందరూ ఈపాటికి ఆలుమగలై ఉండాలి. తెలిసిన ముఖాలన్నిటికీ ఒకేలా వర్తించే సూత్రం, అందులో ఈ ఒక్కరే ఎందుకో చెప్పలేదు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ వేసిన గంటల లెక్క కూడా ఈ అనుమానాన్నే బలపరుస్తుంది. కొత్తవాళ్లు కాస్త స్నేహితులు కావడానికి 50 గంటలు, సరైన స్నేహితులు కావడానికి 90, ఆప్తులు కావడానికి 200 పైన పడతాయని ఆయన అంచనా. కానీ పక్కపక్క కుర్చీల్లో పనిచేసిన గంటలు అంతగా అక్కరకు రాలేదు, ఊరికే కూర్చుని కబుర్లాడిన గంటలే కలిసొచ్చాయి. అంటే కంటబడటం కాదు, ఎదుటి మనిషి గురించి ఏదో తెలియడం ముఖ్యం.

ఆ తెలిసేది ఏం చేస్తుందో పాల్ ఈస్ట్‌విక్, లూసీ హంట్ టెక్సాస్‌లో చేసిన అధ్యయనాల్లో చక్కగా బయటపడింది. చిన్న తరగతుల్లో కొత్తగా చేరిన విద్యార్థుల చేత, ఎవరెంత ఆకర్షణీయంగా ఉన్నారో ఒకరికొకరికి మార్కులు వేయించారు. మొదట్లో ఆ మార్కులు చాలావరకు కలిశాయి: ఒకరికి అందంగా కనిపించినవాళ్లు పదిమందికీ అందంగానే కనిపించారు. మూడు నెలలు పోయాక అదే ప్రశ్న వేస్తే ఆ ఏకాభిప్రాయం పలచబడింది, ఎవరి లెక్క వాళ్లదైంది. సంతలో మామిడిపండు రంగు అందరికీ ఒకటే. కోసి తిన్నాకే ఒకరికి ఆ పులుపు నచ్చుతుంది, మరొకరికి పీచు నచ్చదు. తొలిచూపులో మనం వాడేది లోకం కొలబద్ద. స్నేహం మెల్లగా దాన్ని లాక్కుని సొంత కొలబద్ద చేతిలో పెడుతుంది. నా ఉద్దేశంలో స్నేహం చేసే అసలు పని ఇదే.

ఇది ఒట్టి ఊహ కాదనడానికి అదే బృందం 2015లో ప్రచురించిన ఫలితం ఉంది. 167 జంటలను వీడియో తీసి, ఏ సంబంధమూ లేని పరిశీలకులతో ఒక్కొక్కరి అందానికి విడివిడిగా మార్కులు వేయించారు. పరిచయమైన కొద్దిరోజులకే జంటకట్టిన వాళ్లలో ఇద్దరి మార్కులూ గట్టిగా సరిపోలాయి. మన పెద్దవాళ్లు ‘ఈడూజోడూ’ అనేది ఇదే. తొమ్మిది నెలలు, అంతకు పైన పరిచయం నడిచాక ప్రేమలో పడినవాళ్లలో ఆ పోలిక దాదాపు మాయమైంది. వీధి అరుగు మీద ‘వాడికి ఆ పిల్ల ఎలా పడిందిరా’ అని ఆశ్చర్యపోయేవాళ్ల చేతిలో ఉన్నది లోకం కొలబద్ద. ఆ పిల్ల చేతిలో ఉన్నది వేరు.

దీనికి పెద్ద అభ్యంతరం 1891లోనే వచ్చింది. ఫిన్లాండ్ పండితుడు ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ మరీ దగ్గరితనం ఆకర్షణను చంపేస్తుందన్నాడు. ఇజ్రాయెల్‌లోని కిబ్బుట్జ్‌లు, అంటే ఉమ్మడి వ్యవసాయ సమాజాలు, అందుకు సాక్ష్యమయ్యాయి. అక్కడ ఒకే శిశుగృహంలో పెరిగిన తరం పెళ్లిళ్లను జోసెఫ్ షెఫర్ 1971లో పరిశీలించాడు. 2,769 పెళ్లిళ్లలో, మొదటి ఆరేళ్లూ ఒకే గుంపులో పెరిగిన ఇద్దరు పెళ్లాడిన సందర్భం ఒక్కటీ దొరకలేదు. పెద్దయ్యాక వాళ్లను అడిగిన తర్వాతి పరిశోధకులకు మాత్రం ఆకర్షణ అంతగా లేకుండా పోలేదనిపించింది. షెఫర్ మాటే పూర్తిగా నిజమనుకున్నా, అది ఉగ్గుపాల వయసు నుంచి ఒకే కప్పు కింద పెరగడం గురించి. ఇరవయ్యేళ్లప్పుడు కాలేజీ క్యాంటీన్‌లో కలిసిన స్నేహానికి అది అడ్డు కాదు. మన మేనరికాల్లోనూ ఈ దూరం కనబడుతుంది: పిన్ని పిల్లలు, పెదనాన్న పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనత్త, మేనమామ పిల్లలు బావలు, మరదళ్లు. రెండో రకం వాళ్లు తరచుగా వేరే ఊళ్లో, వేరే ఇంట్లో పెరిగి వేసవి సెలవులకే కలిసేవాళ్లు.

ఇంతకంటే నన్ను ఇబ్బంది పెట్టే అభ్యంతరం ఇంకొకటుంది. ‘మేం ముందు స్నేహితులం’ అన్నవాళ్లంతా జంటకట్టినవాళ్లే, స్నేహితులుగానే మిగిలిపోయినవాళ్లు ఆ లెక్కలోకి రారు. గతాన్ని ఇప్పటి వెలుగులో తిరగరాసుకోవడమూ మనిషికి సహజమే. ఈ రెండూ ఒప్పుకోవాలి. 2012లో విస్కాన్సిన్‌లో 88 స్త్రీపురుష స్నేహ జంటలను విడివిడిగా ప్రశ్నిస్తే, మగవాళ్లు తమకు ఎక్కువ ఆకర్షణ ఉందని చెప్పడమే కాక, ఎదుటామెకు కూడా ఉందని ఉన్నదానికంటే ఎక్కువ ఊహించుకున్నారు. స్నేహాన్ని ప్రేమకు టికెట్ల క్యూ అనుకునే మన సినిమా హీరోలకు ఈ ఒక్క ఫలితం చూపిస్తే చాలు. కానీ సొంత కొలబద్ద ఎప్పుడూ ‘అవును’ అనే చెబుతుందని నేననలేదు. ఎక్కువ తెలిసినకొద్దీ ‘కాదు’ అని కూడా అంతే గట్టిగా చెబుతుంది. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్ల సంగతేమిటని అడగవచ్చు. 2011-12 భారత మానవాభివృద్ధి సర్వేలో భర్తను పూర్తిగా తామే ఎంచుకున్నామన్న స్త్రీలు 5 శాతం మాత్రమే. అక్కడ కొలబద్ద మారే పని పెళ్లి తర్వాత మొదలవుతుందని నా అంచనా, కొన్నిచోట్ల మొదలే కాదు.

ఇక పెళ్లిమాట. స్నేహితుల మధ్య ఇది ఎందుకంత గుండెదడ పుట్టిస్తుందో చూడాలంటే చార్లెస్ డార్విన్ కథ మంచి నమూనా. 1838 జూలైలో ఆయన ఒక కాగితాన్ని నిలువునా రెండు భాగాలు చేసి, పెళ్లి చేసుకుంటే లాభాలు ఒకపక్క, నష్టాలు ఒకపక్క రాసుకున్నాడు. పుస్తకాలకు డబ్బు మిగలదు, చదువుకునే సాయంత్రాలు పోతాయి అన్నవి నష్టాలు. ముసలితనంలో తోడు, కుక్క కంటే నయమైన స్నేహం లాభాల్లో ఉన్నాయి. అందులో ఏ అమ్మాయి పేరూ లేదు. కానీ స్టాఫర్డ్‌షైర్‌లోని మేర్ హాల్లో చిన్నప్పటి నుంచి ఎరిగిన ఎమ్మా వెడ్జ్‌వుడ్ ఉంది. డార్విన్ తల్లి ఎమ్మా తండ్రికి తోబుట్టువు, అంటే మన వరసలో ఎమ్మా మేనమామ కూతురు. తొమ్మిది నెలలు పెద్దది కనుక మరదలనడానికీ లేదు, వదిన అనాలి. నవంబర్ 11, ఆదివారం, ఆయన ఆమెను అడిగాడు. తమ స్నేహం ఇలాగే ఏళ్ల తరబడి సాగి, చివరికి ఏమీ కాకుండానే పోతుందేమోనని అనుకున్నానని ఎమ్మా తర్వాత పిన్నికి రాసింది. ఆమె ఒప్పుకుంది. అయినా ఆ రోజంతా ఇద్దరి మొహాలూ ఎంత వేలాడిపోయాయంటే, ఇంట్లో కొందరు విషయం తలకిందులైందనుకున్నారు.

ఇది వింత కాదు. స్నేహితుడికి ఆమె గురించి అన్నీ తెలుసు, తన గురించి ఆమె ఏమనుకుంటోందన్న ఆ ఒక్క సంగతి తప్ప. ఆమెకూ అంతే. కొత్తవాళ్లు ‘కాదు’ అంటే పోయేది ఒక సాయంత్రం. స్నేహితులు ‘కాదు’ అంటే పోయేది స్నేహమంతా. ఆ భయం ఉన్నా, దైవం విషయంలో నీకున్న సందేహాలు ఎమ్మాకు చెప్పకు అని తండ్రి హెచ్చరించినా డార్విన్ పెళ్లికి ముందే చెప్పేశాడు. దాచనందుకు సంతోషమేనని, కానీ ఆ విషయం బాధిస్తోందని ఆమె ఆ నవంబర్‌లోనే ఉత్తరం రాసింది. 1839 జనవరి 29న మేర్ చర్చిలో పెళ్లయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి రాత్రిపూట ఇద్దరూ పాచికలు వేసి రెండేసి ఆటలు బ్యాక్‌గామన్ ఆడేవారు. పురుగునైనా పువ్వునైనా లెక్కపెట్టకుండా ఉండలేని మనిషి ఆ గెలుపోటములూ రాసిపెట్టాడు. 1876 జనవరిలో అమెరికాలోని వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకు రాసిన ఉత్తరంలో ఆ పద్దు ఉంది: ఎమ్మా గెలిచినవి 2,490, తను గెలిచినవి 2,795.