ఆకు ఫోటో తీస్తే పేరు చెప్పే ఫోన్.. ఎంతవరకు నమ్మొచ్చు?

దుబాయ్ సోనాపూర్‌లోని ఒక లేబర్ క్యాంపు. డ్యూటీ ముగించుకుని వచ్చిన ఒక తమ్ముడి చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో పచ్చటి ఆకుకూర. రోడ్డు పక్క తోటలో కోసుకొచ్చాడు. ‘‘అన్నా, గంగవాయిలి కూర దొరికింది. ఇయ్యాల పప్పుల ఏసుకుందాం’’ అన్నాడు సంబరంగా. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పదిహేనేళ్లుగా తోట పని చేస్తున్న పెద్దాయన ఆ సంచి తీసుకుని చూశాడు. ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. యాప్ మూడు పేర్లు చూపింది. మొదటిది గంగవాయిలే. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. ఒక్కో కాడా విరిచి చూశాడు. కొన్ని కాడల నుంచి నీరు వచ్చింది. కొన్నింటి నుంచి తెల్లటి పాలు కారాయి. ‘‘పాలు కారేది మనం తినేది కాదురా’’ అని సంచి మొత్తం చెత్తబుట్టలో పడేశాడు.

ఆ పూట ఆ గదిలో వట్టి పప్పే వండారు. కానీ ఎనిమిది మంది క్షేమంగా నిద్రపోయారు.

ఇప్పుడు మన క్యాంపుల్లో స్మార్ట్ ఫోన్ లేని మనిషి దాదాపు లేడు. అందులో మొక్కల పేర్లు చెప్పే యాప్‌లు కూడా చేరాయి. తోట పని చేసేవాళ్లు, నర్సరీల్లో పనిచేసేవాళ్లు, ఊరి మీద బెంగతో చెట్లను చూసేవాళ్లు వీటిని వాడుతున్నారు. వాళ్లు చెప్పిన అనుభవాల్లో మనకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

ఏ యాప్ ఎలా పనిచేస్తుంది?

చాలామంది వాడేది గూగుల్ లెన్స్. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది సాధారణంగా ముందే ఉంటుంది. మొక్కే కాదు, దేని ఫోటో తీసినా పోలికలు వెతికి చూపిస్తుంది. ఫ్రాన్స్‌లోని పరిశోధనా సంస్థలు కలిసి తయారుచేసిన ప్లాంట్‌నెట్ మొక్కల కోసమే ఉన్న యాప్. డబ్బు కట్టక్కర్లేదు. ఫోటో తీశాక అది ఆకా, పువ్వా, కాయా, బెరడా అని చెప్పాలి. ఐనాచురలిస్ట్‌లో మనం పెట్టిన ఫోటో చూసి ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న మొక్కలు తెలిసిన మనుషులు కూడా పేరు సరిచేస్తారు. దానికి తమ్ముడి లాంటిది సీక్. పేరు నమోదు చేసుకోకుండానే వాడుకోవచ్చు.

ఈ యాప్‌లకు మొక్క గురించి మనిషికి తెలిసినట్టు తెలియదు. తమకు నేర్పిన లక్షలాది ఫోటోలతో మన ఫోటోను పోల్చి, ఎక్కువగా కలిసిన దాని పేరు ముందు పెడతాయి. అందుకే కొన్ని యాప్‌లలో పేరు పక్కన నూటికి ఇంత అని అంకె కనిపిస్తుంది. ఆ అంకె పోలికను చెబుతుందే తప్ప ఆ మొక్క తినొచ్చని హామీ ఇవ్వదు. ఫోటో మసకగా ఉన్నా, ఒకే ఫోటోలో రెండు మూడు మొక్కలు పడినా, పువ్వు, కాయ లేని లేత మొక్క అయినా తప్పు పేరు వచ్చే అవకాశం ఎక్కువ.

అబుదాబి ముసఫాలో ఉండే ఒక నర్సరీ కార్మికుడు తన పద్ధతి చెప్పాడు. ‘‘ఒక ఆకు కోసి తెల్ల కాగితం మీద పెట్టి తీస్తా. తర్వాత పువ్వు, కాయ విడిగా తీస్తా. రెండు యాప్‌లలో ఒకే పేరొస్తేనే నమ్ముతా.’’ ఆయనకు ఇంకో లాభం కూడా కలిగింది. యాప్ చూపే లాటిన్ పేరు ఏ దేశం వాడికైనా ఒకటే. పాకిస్తానీ ఫోర్‌మన్‌కైనా, మలయాళీ సూపర్‌వైజర్‌కైనా ఫోన్ చూపిస్తే చాలు, ఏ మొక్క గురించి మాట్లాడుతున్నాడో అర్థమవుతుంది.

అన్నీ మంచి అనుభవాలే కావు. మరొక తమ్ముడు ‘ఉచితం’ అని ఉన్న ఒక యాప్ దించుకుని, అడిగినప్పుడు కార్డు నంబరు ఇచ్చాడు. వారం గడిచాక ఏడాది చందా మొత్తం ఖాతాలోంచి పోయింది. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ఫోన్ సెట్టింగుల్లో ప్లే స్టోర్ చందాల పేజీలోకి వెళ్లి రద్దు చేయాలి. అసలు మొక్క పేరు కోసం కార్డు నంబరు ఇవ్వాల్సిన పనే లేదు.

పేరు సరైనదే అయినా తినకండి

ఇక్కడ రోడ్ల పక్కన గుత్తులుగా గులాబీ, తెలుపు రంగు పూలు పూసే పొద గన్నేరు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. గుండె మీద పనిచేస్తుంది. ఎడారిలో కనిపించే జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఈ రెండూ మనకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. తెలియని మొక్కలు ఇంకెన్నో ఉన్నాయి.

యాప్ చెప్పలేని మాట మరొకటి ఉంది. ఎమిరేట్స్‌లో రోడ్ల పక్క తోటలకు చాలాచోట్ల శుద్ధి చేసిన మురుగునీరు పెడతారు. చెట్లకు అది చాలు గానీ పచ్చి ఆకుకూరకు తగినది కాదు. పైగా పురుగుల మందు ఎప్పుడు కొట్టారో మనకు తెలియదు. కాబట్టి అది నిజంగా గంగవాయిలే అయినా రోడ్డు పక్కది కోయకండి. మార్కెట్లో కట్ట కొనుక్కోండి.

పొరపాటున ఎవరైనా తిని వాంతులు, తల తిరగడం, గుండె దడ మొదలైతే ఆలస్యం చేయొద్దు. ఎమిరేట్స్‌లో అంబులెన్స్ నంబరు 998. తిన్న మొక్క కొమ్మ గానీ, ఫోటో గానీ డాక్టరుకు చూపించండి. అక్కడ ఆ ఫోటో నిజంగా పనికొస్తుంది.

ఫోటో తీసే చోటు కూడా చూసుకోవాలి. పోలీసు, సైనిక కార్యాలయాలు, విమానాశ్రయం, చమురు కేంద్రాల దగ్గర ఫోన్ ఎత్తకండి. ఇంటి తోటలో పనిచేస్తే ఇంట్లోవాళ్లు ఫోటోలో పడకుండా చూడండి. మొక్క కోసం కేసు తెచ్చుకోవద్దు.

ఎడారిలో మన జమ్మి

చివరగా ఒక మంచి మాట. దసరా సాయంత్రం మొదట చెప్పిన ఆ గదివాళ్లకే జమ్మి ఆకు కావాల్సి వచ్చింది. ఊళ్లో అయితే జమ్మి చేతిలో పెట్టి ‘బంగారం’ అని అలయ్ బలయ్ ఇచ్చుకుంటాం కదా. క్యాంపు వెనక ఖాళీ స్థలంలో ఒక చెట్టు అలాగే కనిపిస్తే తమ్ముడు ఫోటో కొట్టాడు. యాప్ జమ్మి అంది. పెద్దాయన కొమ్మ పట్టుకు చూసి నవ్వాడు. ‘‘గిది సర్కారు తుమ్మ. ఆకు మొలిచిన కాడ ముండ్లు జంటగ ఉన్నయ్ చూడు. జమ్మికి గట్లుండవ్. చిన్న ముండ్లు కొమ్మంత చెదిరి ఉంటయ్.’’

తర్వాత ఆయన వాళ్లను కొంత దూరం నడిపించి అసలు జమ్మి చూపించాడు. అరబ్బులు దాన్ని గాఫ్ అంటారు. లాటిన్ పేరు ప్రోసోపిస్ సినరేరియా. ఎమిరేట్స్ 2008లో దాన్ని తమ జాతీయ వృక్షంగా ప్రకటించింది. 2019ని సహన సంవత్సరంగా జరిపినప్పుడు ఆ చెట్టు బొమ్మనే గుర్తుగా పెట్టుకుంది. మన తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే జమ్మి. వేళ్లు బాగా లోతుకు దించి, చుక్క వాన లేని చోట కూడా పచ్చగా నిలబడే చెట్టు.

గాఫ్ కొమ్మ విరిస్తే ఇక్కడ చట్టం ఊరుకోదు. అందుకే వాళ్లు కింద రాలిన రెమ్మలు నాలుగు ఏరుకున్నారు. ఇసుక దులిపి ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని ‘బంగారం’ అనుకున్నారు. తమ్ముడు వీడియో కాల్‌లో అమ్మకు చూపించాడు. ‘‘ఆడ గూడ జమ్మి ఉన్నదా బిడ్డా!’’ అని ఆమె ఆశ్చర్యపోయింది.

యాప్ వాడండి, తప్పులేదు. అది చెప్పిన పేరును మొదటి మాటగా తీసుకోండి. చివరి మాట మాత్రం తెలిసిన మనిషిని అడగండి. ప్రతి క్యాంపులో అలాంటి పెద్దాయన ఒకరు ఉంటారు.