కాపీ ఎంతవరకు వచ్చింది?

రెంజల్‌లో కూర్చుని 40 జీబీల పెళ్లి వీడియోను లినక్స్ టెర్మినల్‌లో ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌లోకి ఎక్కిస్తున్నారనుకోండి. కాపీ చేసే ‘సీపీ’ ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కితే అది ఉలకదు, పలకదు. పని సవ్యంగా సాగుతున్నంతసేపు నోరు మెదపకపోవడం యూనిక్స్ ఆదేశాలకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. ఫైళ్లు చిన్నగా ఉన్నప్పుడు అది హాయే. గంట పట్టే కాపీకి మాత్రం, ఈలోగా బోధన్ వెళ్లి రావచ్చా లేదా అన్నది తేలాలి కదా!

కాపీలకే వాడే ‘డీడీ’ అనే పాత ఆదేశానికి ఒక కిటుకు ఉండేది. లినక్స్‌లో యూఎస్‌ఆర్1 అనే సంకేతం పంపితే, అప్పటిదాకా ఎన్ని బైట్లు అయ్యాయో చెప్పేది. అదే సంకేతం సీపీకి పంపితే అది అక్కడికక్కడే చచ్చిపోతుంది. 2015లో డీడీకి సొంతంగా ప్రగతి చూపించే ఏర్పాటు వచ్చింది. సీపీ మాత్రం అలాగే ఉండిపోయింది.

అంతకు ముందటేడు, ఎక్స్‌ఫెన్నెక్ అనే పేరుతో రాసే ప్రోగ్రామర్ ‘సీవీ’ అనే చిన్న సాధనం తెచ్చాడు. తర్వాత దాని పేరు ‘ప్రోగ్రెస్’ అయింది. అది సీపీని కదిలించదు, ఏమీ అడగదు. బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బండిలో చెరకెంతో తెలియాలంటే కాంటా చీటీ చూస్తే సరిపోయేది, బండివాణ్ని ఆపనక్కర్లేదు. ఇదీ అంతే.

ఇక్కడ ఆ చీటీ రాసేది లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్. తర్వాతి ముక్క ఎక్కడి నుంచి చదవాలో తెలియాలి కాబట్టి, తెరిచిన ప్రతి ఫైల్లో ఎన్నో బైటు దగ్గర ఉన్నామో అది ఎప్పుడూ గుర్తుపెట్టుకుంటుంది. నడుస్తున్న ప్రోగ్రాముల లోగుట్టును ఫైళ్లలా చూపించే ‘ప్రాక్’ ఆలోచనకు 1984లో టామ్ కిలియన్ రూపమిచ్చాడు. ఆయనకు కావలసింది ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే దారి. లినక్స్ దాన్ని అందిపుచ్చుకుని పెంచింది. 2007లో 2.6.22 కెర్నెల్‌తో ‘ఎఫ్‌డీఇన్ఫో’ చేరాక బైటు స్థానం కూడా బయటికి కనిపించింది. అక్కడ 21474836480 అని ఉండి, ఫైలు మొత్తం 42949672960 బైట్లయితే, పని సరిగ్గా సగమైనట్టు. కాసేపాగి మళ్లీ చూస్తే వేగమూ, మిగిలిన సమయమూ తేలతాయి. ప్రోగ్రెస్ చేసే లెక్క ఇదే. సీపీ ఒక్కటే కాదు, టార్, జీజిప్ లాంటివాటినీ అదే వెతికి పట్టుకుంటుంది. ఎవరి అవసరానికో రాసిన లెక్కలోంచి ఇంకెవరికో ఇంత మేలు జరగడం నాకెంతో నచ్చిన సంగతి.

ఒక్క జాగ్రత్త. రాసిన డేటాను లినక్స్ ముందు మెమరీలో పేర్చుకుని, తీరిగ్గా డిస్క్‌కు పంపుతుంది. అందుకే నెమ్మది పెన్‌డ్రైవ్ విషయంలో, వంద శాతం కనబడ్డాక కూడా లోపల రాత సాగుతూనే ఉండవచ్చు. ‘సింక్’ అని కొట్టి, ప్రాంప్ట్ తిరిగొచ్చాక అన్‌మౌంట్ చేసి, అప్పుడే పెన్‌డ్రైవ్ తీయండి.